రాయని రెండు వరుసలు

ఊళ్ళో అందరూ ఆయన్ని నీళ్ళ సారు అంటారు. పంపుహౌసు పక్కనున్న చిన్న లాబొరేటరీలో ముప్ఫై నాలుగేళ్ళు ఊరి మంచినీళ్ళు పరీక్ష చేసినవాడికి అంతకన్నా తగిన పేరు దొరకదు. రిటైరై ఆరేళ్ళు, భార్య పోయి నాలుగేళ్ళు. ఇప్పటికీ ఎవరింటికి వెళ్ళినా, నీళ్ళిస్తే గ్లాసు వెలుగులోకి ఎత్తి చూస్తేగాని తాగడు. "పర్లేదు తాగండి సారూ, మీ లాబొరేటరీ పరీక్ష దాటినవే" అని ఇంటివాళ్ళు నవ్వుతారు. ఆయనా నవ్వుతాడు. నోట్లో నాలుక లేని మనిషని పేరు. ఆ పేరు ఆయనకి చాలాచోట్ల పనికొచ్చింది, ఒక్కచోట తప్ప.

ఆ ఆదివారం ఆరాధన ముగిశాక కమిటీ చర్చి వెనక గదిలో కూర్చుంది. పాటల పుస్తకాల బీరువా, కాళ్ళు ఊగే బల్ల, కిటికీ ఊచకి ఆరేసిన తుడుపుగుడ్డ, ఆ గది సామానంతా అదే. పాస్టరు కుర్రవాడు, వచ్చి ఏడాది కాలేదు.

"మనం నలభై మందిమి," అన్నాడాయన. "వాన పడితే ముప్ఫై. ఇవాళ పాట ఎత్తుకుంటే మనుషులకన్నా బెంచీలే ఎక్కువ విన్నాయి."

"ఉన్నవాళ్ళమైనా నోరు తెరిచి పాడితేగా," అన్నాడు సెక్రటరీ. ఆయనది ఫర్నిచర్ షాపు. ఏ మాటన్నా ముందు బల్ల మీద వేళ్ళతో తట్టి, చెక్క గట్టిదో కాదో చూసుకున్నట్టు చూసుకుని అంటాడు. "రేవుపేటవాళ్ళు టైర్ల షాపు పైన హాల్లో నూటయాభై మంది కూడుతున్నారట. ఒకప్పుడు మనవాళ్ళేగా. వెళ్ళి పిలిస్తే తప్పేముంది?"

తప్పేమీ లేదన్నారు అందరూ. ఆ 'మనవాళ్ళేగా' దగ్గర నీళ్ళ సారు తల వంచుకుని తన చెప్పులకేసి చూసుకున్నాడు.

రేవుపేటవాళ్ళది వేరే జాతి. వాళ్ళ ముత్తాతల్ని ఎప్పుడో ఓడల్లో బస్తాలతో పాటు దించి రేవు పనికి పెట్టారు. నల్లరాయి లాంటి ఒళ్ళు, చిన్న చిన్న ఉంగరాల జుట్టు. నాలుగు తరాలుగా ఇదే ఊళ్ళో పుట్టి, ఇదే మాట మాట్లాడుతూ, ఇవే నీళ్ళు తాగుతున్నా, కొత్తవాళ్ళెవరైనా వాళ్ళని మొదట అడిగేది "మీరెక్కడివాళ్ళు?" అనే. పదకొండేళ్ళ కిందట రేవు దగ్గరున్న వాళ్ళ పాత మందిరం కూలిపోతే ఆ నలభై కుటుంబాలూ ఈ చర్చికి వచ్చాయి. మూడేళ్ళు తిరక్కుండా వెళ్ళిపోయాయి. మిగిలింది ఒక్కడే.

ఆ ఒక్కడూ టైల్స్ మేస్త్రి. చర్చిలో ఇప్పుడున్న నేల ఆయన పరిచిందే. రెండో వరుస చివర కూర్చుంటాడు. బయటి ఊళ్ళనుంచి పెద్దలెవరైనా వస్తే సెక్రటరీ ఆయన భుజం మీద చెయ్యేసి, "మా దగ్గర అలాంటి తేడాలేం లేవండీ, కావాలంటే ఈయన్నే అడగండి" అంటాడు. మేస్త్రి మొహమాటంగా నవ్వుతాడు. ఆయన్ని నిజంగా అడిగినవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు.

"నీళ్ళ సారునీ, మేస్త్రినీ పంపిద్దాం," అన్నాడు సెక్రటరీ. "ఒకరు మంచివారు, ఒకరు వాళ్ళవారు."

గది బయటికి రాగానే మేస్త్రి సారు మోచెయ్యి పట్టుకున్నాడు. ఆ అరచెయ్యి సిమెంటులో నాని నాని గరుకు కాయితంలా అయిపోయింది.

"తొమ్మిదేళ్ళుగా అనుకుంటున్నా సార్, మీరు ఒక్కసారి మా అక్క ముందు నిలబడి చెబితే చాలని. నేను చెబితే చెవిన పెట్టదు. మీ మాటయితే కాదనలేదు."

"ఏం చెప్పాలి?" అని సారు తెలిసే అడిగాడు.

"అదే సార్. గిన్నె సంగతి."

గిన్నె సంగతి ఇది. ఆ చర్చిలో ప్రభువు బల్ల రోజున ద్రాక్షారసం ఒకే వెండి గిన్నెలో ఇచ్చేవారు. అందరూ ముందుకు వెళ్ళి వరసగా మోకరిస్తే, పాస్టరు గిన్నె ఒకరి పెదవులకి ఆనించి, అంచు గుడ్డతో తుడిచి, కొంచెం తిప్పి పక్కవాళ్ళకి అందించేవాడు. ఎనభై ఏళ్ళుగా అదే పద్ధతి. దగ్గున్నవాళ్ళు తాగారు, జలుబున్నవాళ్ళు తాగారు, సెక్రటరీ తాతగారైతే క్షయతో పోయేముందు నెల కూడా తాగారు. ఎవరికీ సూక్ష్మజీవులు గుర్తు రాలేదు. రేవుపేటవాళ్ళు వచ్చి ఆ వరసలో మోకరించాక గుర్తొచ్చాయి. గిన్నె వాళ్ళ దాకా పోకముందే తాగేద్దామని కొందరు ముందుకు తోసుకురావడం మొదలుపెట్టారు. కొందరు పెదవులు తడపకుండానే తల వంచి లేచిపోయేవారు. చివరికి అప్పటి పాస్టరూ, సెక్రటరీ కలిసి నీళ్ళ సారు ఇంటికి వచ్చారు.

"మీరు శాస్త్రం తెలిసినవారు," అన్నాడు సెక్రటరీ. "గిన్నె పరీక్ష చేసి ఒక కాయితం రాసివ్వండి. మేం చెబితే ఇంకోలా వినపడుతుంది. మీరు చెబితే శాస్త్రమవుతుంది."

సారు పరీక్ష చేశాడు. పని దగ్గర ఆయనకి పరాచికాలు లేవు. దూదిపుల్లతో గిన్నె అంచు తుడిచి, గాజు పళ్ళెంలో పూసి, రెండు రోజులు వెచ్చటి పెట్టెలో ఉంచి, మొలిచిన సూక్ష్మజీవుల చుక్కలు లెక్కపెట్టాడు. పోల్చి చూడ్డానికి ఇంకేదైనా ఉండాలి కదా, అందుకని చర్చి తలుపు పిడినీ, ఒక పాటల పుస్తకం అట్టనీ కూడా అలాగే తుడిచి చూశాడు. గిన్నె అంచు మీద ముప్ఫై ఒక్క చుక్కలు. పాటల పుస్తకం మీద తొంభై నాలుగు. తలుపు పిడి మీద రెండువందలు దాటాయి. మూడు వరుసలు గీసి మూడూ రాశాడు.

సెక్రటరీ కాయితం చదివి బల్ల మీద వేళ్ళు తట్టాడు. "మనం అడిగింది గిన్నె గురించి కదా సారూ. తలుపు గురించి ఎవరడిగారు?"

సారు ఇంటికొచ్చి కాయితం తిరగరాశాడు. ఈసారి ఒకటే వరుస. కింద, "ఒకే పాత్రను పలువురు వాడినప్పుడు సూక్ష్మజీవులు ఒకరి నుండి ఒకరికి చేరే అవకాశము ఉన్నది. విడి పాత్రలు శ్రేయస్కరము" అని ముగించాడు. ప్రతి అక్షరమూ నిజమే. సంతకం, డిగ్రీ, ఉద్యోగం కూడా నిజమే. ఆ పూట ఆయన భార్య గిన్నె తుడిచే గుడ్డలు ఇస్త్రీ చేస్తోంది. చర్చిలో ఆ పని ఆవిడది. కాయితం చదివి, ఇస్త్రీపెట్టె నిలబెట్టి, "అబద్ధమేం లేదు," అంది. కాయితం తిరిగిచ్చేస్తూ, "ఇన్నేళ్ళూ ఎందుకు రాయలేదో మరి," అంది. అంతే, మళ్ళీ ఇస్త్రీలో పడింది. ఆవిడ పోట్లాడి ఉంటే ఆ రెండు వరుసలూ తిరిగి రాసేవాణ్ణేమో అని ఆయనకి అప్పుడప్పుడు అనిపిస్తుంది. తన తప్పు పోయినావిడ మీదికి నెడుతున్నానని వెంటనే సిగ్గేస్తుంది.

పది రోజుల్లో ట్రేలు వచ్చాయి, బొటనవేలంత గాజు గ్లాసులు గుచ్చినవి. సారు కాయితం నోటీసు బోర్డు ఎక్కింది. రేవుపేటవాళ్ళు కాయితంలో ఏముందో పెద్దగా పట్టించుకోలేదు, అది ఎప్పుడు రాశారో చూశారు. నెలకి నాలుగైదు కుటుంబాల చొప్పున రావడం మానేశారు.

ఆ రోజుల్లోనే మేస్త్రి లాబొరేటరీకి వచ్చాడు. సున్నం చేతులు వెనక్కి పెట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. "సార్, ఇది మమ్మల్ని చూసి చేసిన పనని మా అక్క అంటోంది. నాకు నమ్మబుద్ధి కాలేదు. మీరు చదువుకున్నవారు, ఒక్కమాట చెప్పండి."

"ఇది శాస్త్రం మేస్త్రీ," అన్నాడు సారు. "శాస్త్రానికి మనిషి రంగు తెలీదు."

మేస్త్రి ఆ మాట ఇంటికి మోసుకుపోయాడు. అక్క "నీకు బుద్ధి లేదు" అంది. తమ్ముడు "నీకు చదువు లేదు" అన్నాడు. అంతటితో ఇద్దరికీ మాటలు పోయాయి. మేనకోడలి పెళ్ళి జరిగితే మేనమామ పక్క వీధిలో ఎవరింట్లోనో నేల పరుస్తూ బాజాలు విన్నాడు.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ బస్సులో బయల్దేరారు. మేస్త్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని, గోళ్ళలో సిమెంటు కనపడకుండా చేతులు తోముకుని వచ్చాడు. వాళ్ళు కూర్చున్నది ముగ్గురు పట్టే సీటు. మేస్త్రి పక్క చోటు ఖాళీగా ఉన్నా, ఇద్దరు మనుషులు కమ్మీ పట్టుకుని నిలబడే ఉన్నారు. మేస్త్రి అది గమనించనట్టు కిటికీలోంచి చూస్తున్నాడు. గమనించకపోవడం ఎంత అలవాటైతే అంత తేలిగ్గా వస్తుందో సారుకి అప్పుడు కనిపించింది.

"మేస్త్రీ, నీతో ఒక మాట చెప్పాలి."

"చెప్పండి సార్. ముందు నన్నొకటి చెప్పనివ్వండి. మా అక్క నోరు కత్తెర. బట్టలే కాదు, మనుషుల్నీ కత్తిరిస్తుంది. మీరేం మనసులో పెట్టుకోవద్దు. చిన్నప్పుడు అమ్మ పోతే నన్ను సాకింది తనే. ఒక్క చొక్కా గుడ్డలో ఇద్దరికీ బట్టలు కుట్టేది." ఆయన గొంతు సంతోషంగా ఉంది. "ఇవాళతో మాటలు కలిస్తే, సార్, ఈ జన్మకి మీ రుణం తీర్చుకోలేను."

సారు చెప్పదలుచుకున్న మాట కక్కలేక మింగలేక ఉండగానే దిగాల్సిన స్టాపు వచ్చేసింది.

టైర్ల షాపు పక్కనుంచి ఇనప మెట్లు. హాలు నిండా రబ్బరు వాసన. ఆరాధనకి ఇంకా గంట ఉంది. నలుగురైదుగురు ఆడవాళ్ళు మడత కుర్చీలు వరసగా వేస్తున్నారు. మధ్యలో మెడకి కొలత టేపు వేలాడదీసుకుని దర్జీ అక్క. ఆదివారం కూడా ఆ టేపు తియ్యదని మేస్త్రి ముందే చెప్పాడు. ఆవిడ తమ్ముణ్ణి చూసింది, సారుని చూసింది.

"పెద్ద గుడివారు దారి తప్పినట్టున్నారు," అంది పక్కావిడతో.

"తప్పలేదక్కా. నీకోసమే సారుని తీసుకొచ్చా," అన్నాడు మేస్త్రి.

"నేనేమన్నా నీళ్ళడిగానా?"

ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. నవ్వు ఆగకముందే ఆవిడ ఒక కుర్చీ లాగి, గుడ్డతో దుమ్ము దులిపి, సారు ముందు పెట్టింది. ఆయన కూర్చోలేదు. పాస్టరు పంపిన పిలుపు చెప్పాడు. మళ్ళీ అందరూ ఒకే చర్చిలో కూడదామని, పాత సంగతులు మరిచిపోదామని. ఎంత మెత్తగా చెప్పినా ఆ మాటలు ఆయన చెవికే అద్దె మాటల్లా వినపడ్డాయి.

ఆవిడ మొత్తం విన్నది. "మరిచిపోవడానికి మాకేం కష్టం లేదు సారూ. ఇంతకీ ఎన్ని చిన్న గ్లాసులు తెప్పించారు, మా అందరికీ సరిపోతాయా?"

"అదిగో, అక్కడికే వస్తున్నా," అన్నాడు మేస్త్రి. ముందుకొచ్చి అక్కకీ, సారుకీ మధ్య నిలబడ్డాడు. "సార్, ఆవేళ నాతో చెప్పిన మాట ఇప్పుడు తన ముందు చెప్పండి. ఆ మాట నమ్మినందుకు తొమ్మిదేళ్ళు నన్ను వెలేసింది. అందరూ వినండమ్మా, మీరూ వినండి. సారు అబద్ధమాడరు."

నలుగురైదుగురూ కుర్చీలు వదిలి చూస్తున్నారు. సారు నాలుక చివర ఆ పాత మాట సిద్ధంగానే ఉంది. ఇది శాస్త్రం. రెండే ముక్కలు. అంటే చాలు, మేస్త్రి తలెత్తుకుంటాడు. అక్క నమ్మినా నమ్మకపోయినా పెద్దాయన ముందు ఎదురాడదు.

"అక్కగారూ," అన్నాడు ఆయన. "నేను రాసింది నిజమే. కానీ మొత్తం రాయలేదు. గిన్నెతో పాటు తలుపు పిడినీ, పాటల పుస్తకాన్నీ కూడా పరీక్ష చేశాను. గిన్నె మీదకన్నా పుస్తకం మీద మూడింతలు ఉన్నాయి, పిడి మీద ఆరింతలు. ఆ రెండు వరుసలూ తీసేయమన్నారు, తీసేశాను. ఎందుకు తీసేయమన్నారో నాకు తెలుసు. మేస్త్రి వచ్చి అడిగిన రోజు కూడా తెలుసు."

కింద ఎవరో చక్రం దొర్లించుకుపోతున్న చప్పుడు.

"పిడి మార్చలేదుగా మరి?" అంది దర్జీ అక్క.

"లేదు."

"ఎవరి పిడి వాళ్ళు ఇంట్లోంచి తెచ్చుకోమని అనలేదుగా?"

"లేదమ్మా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మేస్త్రి అక్క వైపు చూడలేదు. సారు వైపే చూస్తున్నాడు, లెక్క తప్పిన కొలతని మళ్ళీ మళ్ళీ చూసినట్టు.

"ఒకసారి చెప్పారు కదా సార్," అన్నాడు నెమ్మదిగా. "ఇంకోసారి అదే చెప్పేస్తే మీకేం పోయేది?"

తొమ్మిదేళ్ళూ సారు తన బరువు గురించే ఆలోచించాడు, ఏనాటికైనా దించుకోవాలని. దించితే ఎవరి కాళ్ళ మీద పడుతుందో ఆలోచించలేదు.

"ఊరందరి నేలా నేను తట్టి చూస్తా," అన్నాడు మేస్త్రి. "పైకి నున్నగా ఉన్నా, కింద సిమెంటు పట్టకపోతే బోలుగా పలుకుతుంది. పెళ్ళగించి మళ్ళీ వేస్తా. మీ మాట ఒక్కటీ తట్టి చూడలేదు. మీ మాట కదా అని."

ఆయన బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. దర్జీ అక్క ఒక్క క్షణం నిలబడింది. గెలిచిన మనిషి ముఖం కాదది. మెడలో టేపు తీసి కుర్చీ మీద వేసి తమ్ముడి వెనక వెళ్ళింది. తలుపు తెరిచే ఉంది కాబట్టి లోపలికి అన్నీ వినపడ్డాయి.

"లేవరా. దారికడ్డంగా కూర్చున్నావు, వచ్చేవాళ్ళెలా ఎక్కుతారు."

"నవ్వుకో అక్కా. నవ్వితే పోలా."

"నవ్వు రావట్లేదురా." ఆవిడ గొంతు తగ్గింది. "నాదే తప్పయితే బావుండునని నేనూ అనుకున్నాలే."

ఆవిడ తిరిగొచ్చేసరికి సారు ఇంకా నిలబడే ఉన్నాడు.

"మాకు తెలిసిన సంగతే మాకు చెప్పి ఏం లాభం సారూ," అంది. "తెలియనట్టు ఉన్నవాళ్ళకి చెప్పండి. అప్పుడు కాయితం రాసి గోడకెక్కించారు. ఇప్పుడూ రాయండి."

"రాస్తాను. రాస్తే మీరు..."

"బేరం పెట్టకండి. మేం వస్తే చెప్పే నిజం, రాకపోతే చెప్పని నిజం, అలాంటిది నాకొద్దు."

ఆయన దిగివస్తుంటే మేస్త్రి మోకాళ్ళు పక్కకి జరిపి దారిచ్చాడు. తలెత్తలేదు. రెండు మెట్లు దిగాక వెనకనుంచి, "చూసి దిగండి సార్, కిందనుంచి మూడో మెట్టు ఊగుతుంది," అన్నాడు. బస్సులో ఇంటికొచ్చేదాకా సారు ఆ మాటే పట్టుకుని కూర్చున్నాడు. అంతకన్నా ఆయనకి ఆ రోజు దొరికిందేమీ లేదు. పొందే అర్హత కూడా లేదనుకున్నాడు.

ఆ వారం మూడు వరుసలూ మళ్ళీ గీసి రాశాడు. అంకెలు పాత నోటుపుస్తకంలో ఉన్నాయి. కష్టమైంది కింద రాయాల్సిన ముగింపు. నాలుగు కాయితాలు చింపాడు. అలవాటైన భాషలో ప్రతి వాక్యమూ 'అవకాశము ఉన్నది' అని ముగుస్తోంది, చేసినవాడెవడో చెప్పకుండా. చివరికి, "గిన్నె మార్చింది సూక్ష్మజీవుల వల్ల కాదు. రేవుపేటవాళ్ళ నోరు తగిలిన గిన్నె ముట్టుకోవడం మనకి ఇష్టం లేక. అది తెలిసి నేను సంతకం పెట్టాను" అని రాశాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ సమావేశం. వెళ్ళొచ్చిన సంగతి చెప్పమంటే సారు లేచి ఆ కాయితం చదివాడు. రెండో వరుస చివర చోటు ఖాళీ. ఎవరూ ఏమీ అనకుండానే ఆ చోటు వదిలి జరిగి కూర్చున్నారు.

"ఇప్పుడిదంతా తవ్వడం దేనికి సారూ," అన్నాడు సెక్రటరీ. వేళ్ళు బల్ల మీద ఉన్నాయి గాని తట్టలేదు. "ఆ రోజుల్లో ఏదో అనుకున్నాం. ఎవరికీ చెడు చెయ్యాలని కాదుగా."

కుర్ర పాస్టరుకి ఇదంతా కొత్త. ఏదో ఒకటి సరిదిద్దాలన్న ఆత్రంతో, "ఆ వెండి గిన్నె ఇంకా ఉందా? ఉంటే మళ్ళీ తెద్దామా?" అన్నాడు.

"బీరువాలో ఉంది," అన్నారెవరో.

ముందు వరసలోంచి బడి పెద్దమ్మ నెమ్మదిగా లేచింది. సంఘంలో సగంమందికి అక్షరాలు దిద్దించింది ఆవిడే. సారు భార్య మంచంలో ఉన్న ఏడు నెలలూ రోజూ పొద్దున్నే వచ్చి ఆవిడ తల దువ్వి, జడ వేసి వెళ్ళిన మనిషి. ఎవరికీ కీడు తలపెట్టని మనిషి.

"తెచ్చుకుందాం నాయనా," అంది. "నాకూ ఆ గిన్నే ఇష్టం. ఇప్పుడింక ఉన్నదంతా మనవాళ్ళమేగా, భయమేముంది?"

కొందరి చూపు రెండో వరుస చివర ఖాళీ చోటు మీదికి పోయింది. పాస్టరు కళ్ళు దించుకున్నాడు. పెద్దమ్మ ఇటూ అటూ చూసింది. "ఏం, నేనేమన్నా తప్పన్నానా?" అంది అయోమయంగా.

సారు వెళ్ళి ఆవిడ మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు, పక్కనే తనూ కూర్చున్నాడు. తర్వాత సెక్రటరీ వైపు తిరిగాడు.

"ఈ మాట మినిట్సులో రాయండి," అన్నాడు. "ఉన్నదున్నట్టు."

సెక్రటరీ కలం మూత తీశాడు. పెద్దమ్మని చూశాడు, సారుని చూశాడు. "ఎవరన్నారని రాయను?"

"ఆవిడ పేరు వద్దు," అన్నాడు నీళ్ళ సారు. "నాది రాయండి. ఆ భయానికి మొదట కాయితం రాసిచ్చింది నేనే."

సెక్రటరీ కలం కాయితానికి ఆనించకుండా చాలాసేపు అలాగే పట్టుకున్నాడు.